నసీమా వంటింట్లో రాజులు

ప్రతి పొద్దున నసీమా ఇంట్లో ముందు పాలు పొంగేవి, తర్వాత ఒక రాజు చచ్చేవాడు, ఆ తర్వాత జారా స్కూలు బస్సు వచ్చేది.

జురాంగ్ ఈస్ట్‌లో ఎమ్మార్టీ రైలు స్టేషను వెనకాల పై అంతస్తులో ఉంది వాళ్ళ ఫ్లాటు. నసీమా యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది. పోయిన ఏడు ఆమెకు ఐర్లండు పాత రాజుల వంశావళులను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఒప్పజెప్పారు. ఫలానావాడు ఫలానావాడి కొడుకు, ఇంతకాలం ఏలాడు, ఫలానావాడి చేతిలో కూలాడు. కూల్చినవాడే చాలాసార్లు ఆ తర్వాతి రాజు. వాడు తమ్ముడో, అన్న కొడుకో, మేనల్లుడో అయివుండేవాడు. పొద్దున్నే ఒక పేరు, దాని వెనక ఒక చావు టైపు చేసి, ఆపైన వంటింట్లోకి వెళ్ళడం నసీమాకు అలవాటైంది. టీ మరిగేలోపు ఆ రాజు లిఫ్టు దిగి వచ్చేవాడు.

ఫ్రిజ్ పక్కన ఒక చెక్క కుర్చీ ఉండేది. అందులో కూర్చున్నవాడు రాజు. చంపాలని ఇనుము పట్టుకుని గడప దాటినవాడు అతన్ని పొడిచేవాడు, కుర్చీ తడి ఆరకముందే తను కూర్చునేవాడు, మర్నాటి పొద్దుటి దాకా అక్కడే ఉండేవాడు. చచ్చినవాడు కుక్కర్లో అన్నం ఉడికేలోపు నేలలోకి ఇంకిపోయేవాడు. రక్తం మాత్రం మిగిలేది. "చల్లనీళ్ళతో కడగాలి నసీమా, వేడినీళ్ళు పోస్తే మరక పట్టుకుంటది," అని నేర్పింది భర్త సాదత్. కింది ఫ్లాటులో ఉండే టాన్ అంకుల్ అయితే తన బాత్రూం కప్పు మళ్ళీ ఎర్రగా కారుతోందని చెప్పడానికి పైకొచ్చి, వచ్చినందుకు టీ తాగి పోయేవాడు.

"అమ్మీ, ఫ్లోర్ మళ్ళీ వెట్ లా! నా సాక్స్ చూడు!" అని అరిచేది జారా. చుట్టాలెవరూ తెలియక కూర్చోకుండా ఆ పిల్లే కుర్చీ మీద ఒక టిష్యూ పాకెట్ పెట్టి ఉంచేది. హాకర్ సెంటర్లో తిండి తెచ్చుకునేలోపు టేబుల్ చోప్ చేసినట్టు, చోటు వేరేవాళ్ళు తీసుకోకుండా పట్టి ఉంచినట్టు. రాజులు దాన్ని మర్యాదగా పక్కకు జరిపి కూర్చునేవారు.

మొదట్లో వచ్చిన అన్నదమ్ములు ఎబెర్, ఎరెమోన్. దేశాన్ని చెరిసగం పంచుకున్నవాళ్ళు, మూడు కొండల కోసం ఏడాది తిరగకముందే వాళ్ళలో ఒకడు రెండోవాడి మెడ నరికాడు. ఆ రోజు నసీమా నేల కడిగి, బస్సెక్కి, ఆఫీసులో మామూలుగానే పని చేసుకుంది. కొవ్తాక్ వచ్చిన రోజు మాత్రం అలా కుదరలేదు.

కొవ్తాక్ తన అన్న లోయిగరె మీద అసూయతో ఎండి పుల్లయినవాడు. లిఫ్టులోంచి నలుగురు మోసుకొచ్చి అతన్ని శవంలాగా వంటింటి నేల మీద పడుకోబెట్టారు. కుర్చీలో ఉన్న లోయిగరె, తమ్ముడు పోయాడనుకుని లేచి, ఆ శవం మీద పడి ఏడ్చాడు. ఆ శవం కళ్ళు తెరవకుండానే చేయి ఎత్తి, దాచుకున్న కత్తి అన్న పొట్టలో దింపింది. పేగులు అల్మరా కింద దాకా జారాయి. నసీమా చేతిలో గ్లాసు పగిలింది. ఎందుకంటే, ఆమె ఇంట్లోనూ అప్పటికే ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఒక శవం ఉంది.

సాదత్ అన్న ఇజాజ్. ఇద్దరూ నల్గొండలో పుట్టి పెరిగినవాళ్ళు. ఇంట్లో దక్కనీ మాట్లాడుకుంటారు, కోపం వస్తే మాత్రం వీధిలో నేర్చుకున్న తెలుగే ఇద్దరికీ నోటికొస్తుంది. ఇజాజ్ ఒక్కగానొక్క కొడుకు రెహాన్ చదువు అవగానే బాబాయి దగ్గరే పనిలో చేరాడు, తువాస్‌లో ఓడలు బాగుచేసే ఒక యార్డులో. ఓడ అడుగున ట్యాంకులో గాలి పీల్చుకోను బాగుందో లేదో చూసి, దిగొచ్చు అని చెప్పవలసినవాడు సాదత్. ఆ రోజు సాదత్ దిగొచ్చన్నాడు. రెహాన్ దిగాడు. పైకి వచ్చేసరికి ఊపిరి లేదు.

విచారణలో గాలి కొలిచే మీటరు చెడిపోయిందని తేలింది, సాదత్ తప్పు లేదన్నారు. కానీ మట్టి ఇచ్చిన రోజే, అందరూ చూస్తుండగా, ఇజాజ్ తమ్ముడి కాలర్ పట్టుకుని అన్నాడు. "నా కొడుకును తిన్నవ్‌రా. ఒక్క కన్నీటి చుక్కన్నా కార్చినవా?"

నిజంగానే సాదత్ కార్చలేదు. మర్నాడే కంపెనీ బస్సెక్కి తువాస్ పోయాడు. తిన్నాడు, నిద్రపోయాడు. ఇజాజ్ భార్య అదే ఊళ్ళో ఉన్న తమ ఫ్లాటులో కొడుకు లేకుండా ఉండలేక నల్గొండకు, పుట్టింటికి వెళ్ళిపోయింది. ఒంటరివాడైన ఇజాజ్ అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఎట్ల నిద్రపడుతుందిరా నీకు?" అని అడిగి పెట్టేసేవాడు. సాదత్ ఆ మాట విని ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టి, అన్నం ముందు కూర్చునేవాడు. ఆ మనిషిని చూస్తే నసీమాకు ఒళ్ళు మండేది. ఏడవరాదా, అరవరాదా, అన్న కాళ్ళ మీద పడరాదా అని.

శనివారం నాడు వచ్చిన రాజు కొర్మక్. పొడిచి వచ్చినవాడైనా నెమ్మదస్తుడు. టిష్యూ పాకెట్ తీసి జారా చేతికిచ్చి, కూర్చుని, టీ అడిగాడు. ఆ రోజు నసీమాకు సెలవు. ఉల్లిపాయలు తరుగుతూ అతని మాటలు విన్నది. తను పిల్లవాడిగా ఉన్నప్పటి సంగతి చెప్పాడు కొర్మక్. ఎవరిదో గొర్రెల మంద రాణిగారి తోటలో పడి నీలిరంగు తీసే మొక్కలు మేసింది. గొర్రెలన్నీ రాణివే అని తీర్పు చెప్పాడు అప్పటి రాజు. అది కాదన్నాడు పిల్లవాడు. మొక్కలు మళ్ళీ మొలుస్తాయి, కాబట్టి ఈ ఒక్కసారికి గొర్రెల ఉన్ని కత్తిరించి ఇస్తే సరి, ఉన్నీ మళ్ళీ పెరుగుతుంది అన్నాడు. తప్పుడు తీర్పు చెప్పిన రాజుగారి ఇల్లు ఒకవైపు కూలి కిందకు జారిపోయిందట.

"పోయింది మళ్ళీ మొలిచేది కాకపోతే?" అని అడిగింది నసీమా. "ఒకరి కొడుకు అయితే?"

కొర్మక్ గ్లాసు కింద పెట్టాడు. "దానికి నాకూ తీర్పు తెలియదమ్మా," అన్నాడు.

ఆదివారం పొద్దున ఏంగస్ వచ్చాడు. అతని చేతిలో బల్లెం, బల్లేనికి గొలుసులు. గొలుసుల చప్పుడు లిఫ్టు దగ్గర్నుంచే వినిపించింది. తన వాళ్ళ పిల్లను కొర్మక్ కొడుకు చెరపట్టాడని అతని పగ. ఒక్క పోటు. కొర్మక్ కన్ను పగిలి చెంప మీదికి కారింది. గొలుసు ఊగి వెనకున్న గూట్లో కప్పులన్నీ రాల్చింది. కుర్చీ కోసం రాని ఏంగస్ అట్నుంచటే వెళ్ళిపోయాడు. నసీమా రోజూలాగే బకెట్ తెచ్చి, రాజు ఇంకిపోవడం కోసం నిలబడింది. కానీ రాజు లేచి నిలబడ్డాడు.

"నువ్వు చావలేదా?"

"లేదు. కానీ ఒంట్లో లోటున్నవాడు ఈ కుర్చీలో ఉండకూడదు. అది మా చట్టం," అన్నాడు కొర్మక్ మొహాన్ని అరచేత్తో అదిమిపట్టుకుని. "ఇక నన్ను చంపడానికి ఎవరూ రారు. రేపు నా కొడుకు వస్తాడు."

నసీమా తన దుపట్టా చింపి అతని కంటికి కట్టింది. ఆ ఇంట్లోంచి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిన మొదటి రాజు అతనే. కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

జారా ట్యూషన్‌కు వెళ్ళాక, మధ్యాహ్నానికి సీఖ్ కబాబులు చేద్దామని నసీమా కీమా కలిపి ఇనుప సీఖులకు ఒత్తుతోంది. అప్పుడు హాల్లో ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టకపోయినా ఇజాజ్ గొంతు వంటింట్లోకి వినిపించింది.

"ఇంట్లనే ఉన్నవా? కింద ఉన్న. వస్తున్న."

సాదత్ ఫోన్ బోర్లా పెట్టాడు. వెళ్ళి వీధి తలుపు తీసి బార్లా వదిలాడు. తిన్నగా వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.

"జారా అబ్బా!" అని భర్తను పిలిచిన నసీమా చేతులు అక్కడే ఆగిపోయాయి. "అక్కడెందుకు కూసున్నవ్? లే!"

"భాయిజాన్ వస్తుండు."

"వస్తే రానీ. నువ్వు లే ముందు!"

"ఎన్ని రోజులు తప్పించుకుంట నసీమా?" అన్నాడు సాదత్. అతని గొంతు ఎంత మామూలుగా ఉందంటే, ఇన్నాళ్ళూ అతను నిద్రపోయాడని తను అనుకోవడం ఎంత తప్పో ఆమెకు అప్పుడు తెలిసింది. "కూసోనియ్."

ఆమె రెండు చేతులా పట్టి గుంజింది. చొక్కా చిరిగింది గాని మనిషి కదల్లేదు. ఆ కుర్చీ కూర్చున్నవాణ్ని అంత తేలిగ్గా వదిలేది కాదు. లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

ఇజాజ్ లోపలికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు, గడ్డం మాసిపోయింది. చేతిలోని పేపర్ పొట్లం విప్పి కింద పడేశాడు. లోపల మాంసం కొట్టే కత్తి. తమ్ముడు ఆ కుర్చీలో కూర్చుని ఉండటం చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆ కుర్చీ సంగతి అతనికీ తెలుసు. ఈద్ పండగలకు ఎన్నిసార్లు ఆ ఇంట్లో బిర్యానీ తినలేదు!

"నీ అంతట నువ్వే కూసున్నవారా?"

"అవును భాయిజాన్."

"లేస్తవనుకున్న. బతిమాలుతవనుకున్న." అన్నాడు ఇజాజ్. "గట్లయితే ఇంకేముంది?"

కత్తి లేచింది. అంతవరకు ఎందరు రాజుల మీద ఎన్ని కత్తులు లేవడం నసీమా చూసిందో! లేచిన కత్తి ఆగడం ఒక్కసారీ చూడలేదు. అరిచినా, అడ్డంపడినా అది ఆగదని ఆమెకు తెలుసు. కుర్చీలో రాజు లేకపోతేనే ఆగుతుంది. ఆమె చేతిలో సీఖు ఉంది. భర్త జుట్టు ఎడంచేత్తో పట్టి తల వెనక్కి వంచింది. అతను ఆమె మొహంలోకి చూశాడు, అర్థమయ్యీ కానట్టు. "మాఫ్ కర్నా," అంది నసీమా. అని, సీఖు మొన అతని ఎడమ కంట్లో దించింది.

సాదత్ పెట్టిన కేక కింద బస్టాపు దాకా వినిపించిందని తర్వాత టాన్ అంకుల్ చెప్పాడు. కుర్చీ పట్టు వదిలింది. సాదత్ దాని మీంచి జారి, మోకాళ్ళ మీద పడి, మొహం పట్టుకుని దొర్లాడు. పైనుంచి దిగిన కత్తి ఖాళీ కుర్చీకి తగిలింది. చెక్క నిలువునా రెండుగా చీలింది.

అప్పుడు ఇజాజ్ కత్తి వదిలేశాడు.

"ఏం చేసినవే పిచ్చిదానా!" అని నసీమా మీద విరుచుకుపడ్డాడు. "వాని కన్ను పొడిచినవేందే! నా తమ్ముడే వాడు! నీకు మతి ఉన్నదా!" ఆమెను ఒక్క తోపు తోశాడు. ఆమె గ్యాస్ పొయ్యికి కొట్టుకుంది. అతను తన చొక్కా విప్పి ఉండలా చుట్టి, తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కంటికి అదిమాడు. "సాదత్! అరె సాదత్! చెయ్యి తీస్తే చంపుత బిడ్డా, గట్టిగ పట్టుకో. నేనున్న కదరా. ఏం కాదు, ఏం కాదు." కీమా, రక్తం, పగిలిన చెక్క మధ్య కూర్చుని, ఇందాకటిదాకా చంపడానికి వచ్చిన మనిషి, చిన్నపిల్లవాణ్ని ఊపినట్టు తమ్ముణ్ని ఊపాడు. నసీమా పొయ్యి ఆర్పి, కుడిచేతిని కొళాయి కింద పెట్టింది. కన్ను చిదిమినప్పటి ఆ మెత్తదనం నీళ్ళకు పోలేదు. ఇప్పటికీ పోలేదు.

సీఖు పట్టుకుని జారిపడ్డానని ఆస్పత్రిలో సాదత్ చెప్పాడు. అవునన్నాడు ఇజాజ్. కన్ను దక్కలేదు.

సోమవారం కొర్మక్ కొడుకు వచ్చాడు. కూర్చోవడానికి ఏమీ లేక, గోడకానుకుని నిలబడి టీ తాగి, కాసేపు అటూ ఇటూ చూసి లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఒకళ్ళిద్దరు కత్తులతోనే వచ్చారు, చంపడానికి రాజు కనపడక గొడుగుల స్టాండులో పెట్టి మర్చిపోయారు.

నాలుగో నాడు నసీమా క్యారియర్‌లో ఖిచిడీ పట్టుకుని వార్డుకు వెళ్ళింది. సాదత్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, సగం మొహానికి తెల్లటి కట్టు. ఇజాజ్ పక్కన స్టూలు మీద ఉన్నాడు. ఎంతసేపట్నుంచి అలా కూర్చున్నారో తెలియదు. ఆమె క్యారియర్ పెట్టబోతుంటే ఇజాజ్ కిటికీవైపు చూస్తూ అడిగాడు.

"వాణ్ని పైకి తెచ్చింది ఎవరు?"

"నేనే. మాస్కు పెట్టుకొని దిగిన," అన్నాడు సాదత్.

"అప్పటికే పోయిండా?"

"లే. లోపల ఉన్నప్పుడు ఊపిరి ఉండె." సాదత్ గొంతు మొదటిసారి పగిలింది. "కండ్లు తెరవలే భాయిజాన్. కానీ నేను వచ్చినని తెలిసింది వానికి. చెయ్యి పట్టుకున్నడు. ఎంత గట్టిగ పట్టుకున్నడంటే, నిచ్చెన ఎక్కేటప్పుడు నేను ఒక్క చేత్తోనే ఎక్కిన. పైకి వచ్చేదాక వదల్లే. పైన వాళ్ళే విడిపించిన్రు."

మిగిలిన కంట్లోంచి నీళ్ళు కారాయి. కట్టు కింద కూడా తడిసింది. నర్సు చూస్తే కోప్పడుతుందని నసీమాకు భయం వేసింది. కానీ తుడవడానికి ముందుకు రాలేదు.

ఇజాజ్ ఇటు తిరిగాడు.

"ఏ చెయ్యి?" అన్నాడు.

సాదత్ కుడిచేయి దుప్పటి మీద చాపాడు. ఇజాజ్ దాన్ని తిప్పి చూశాడు. అరచేతిని చూశాడు, వేళ్ళను చూశాడు, మణికట్టును చూశాడు. తర్వాత దాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఇక వెళ్ళాలని నర్సు వచ్చి చెప్పేదాకా, చెప్పిన తర్వాత కూడా, దాన్ని వదల్లేదు.