చుక్కల గీత

చింతపల్లి మంచు. కాఫీ తోటలు కనిపించవు. ఆకుల మీంచి జారే నీటిబొట్ల చప్పుడు మాత్రం — టప్... టప్...

సుజానా బల్ల మీది కాగితం చూస్తోంది.

కాగితం మీద రెండు గీతలు. నిండు గీత — కంప్యూటరు ఊహించింది. చుక్కల గీత — మిషను కొలిచింది. రెండూ ఒకదాన్నొకటి వదలకుండా, కొత్త దంపతుల్లా.

అనుమానం అక్కడే పుట్టింది.

పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి. ఊహించిందీ కొలిచిందీ ఇంతగా కలవడం ఆమె ఎక్కడా చూడలేదు.

భర్త ఐజాక్ కాలేజీలో లెక్చరర్. నాలుగేళ్ళుగా పిహెచ్‌డీ. తపాలా బిళ్ళంత పలక మీద అచ్చేసిన రాగి యాంటెన్నా — మూడు గిగాహెర్ట్జ్ నుంచి పది దాటేదాకా, అన్ని తరంగాలూ అదొక్కటే పట్టాలి. పట్టిందో లేదో విశాఖలో యూనివర్సిటీ మిషను చెప్పాలి. మిషను దొరికేది నెలకొక్క రోజు.

పనికొచ్చే యర్రమ్మ ఓసారి ఆ పలకను వెలుగుకెత్తి చూసింది.

"ఇంత సిన్న బిళ్ళ అన్ని ఊసులూ ఇంటాదా అమ్మా? మా అత్తొక్కర్తే ఇంటాదనుకున్నాను."

పలక తయారయ్యేది వంటింటి వెనకే. ఒకప్పుడు ఇడ్లీపిండి కలిపిన ప్లాస్టిక్ టబ్బులో, తుప్పురంగు మందునీళ్ళు. పలక మీద ఇంకుతో గీసిన బొమ్మ ఉన్నచోట రాగి నిలుస్తుంది. లేనిచోట కరిగిపోతుంది. టబ్బు పోయినందుకు సుజానా మూడు రోజులు ఉప్మా పెట్టింది.

పోయిన నెల ఐజాక్ క్లాసుకు వెళుతూ, పావుగంటలో టబ్బులోంచి పలక తీసెయ్యమన్నాడు.

ఆమె మర్చిపోలేదు. చినుకు పడింది. ఎండబోసిన మిరియాలు లోపలికి చేర్చేసరికి అరగంట.

తీసి కడిగింది. రాగి బొమ్మ కాలి దగ్గర, తరంగం నడిచి రావలసిన సన్నటి దారి — వెంట్రుకంత మేర తెగిపోయింది.

ఫిజిక్స్ డిగ్రీ చదివింది. తెగిన దారిలో తరంగం సరిగ్గా నడవదని తెలుసు.

అయినా చెప్పలేదు.

విశాఖ వెళ్ళి, తిట్టుకుంటూ వస్తాడులే అనుకుంది. వచ్చాడు. నవ్వుతూ. చుక్కల గీతతో.

మంచు కిటికీకి ముఖం ఆనించింది.

ఆమె బల్ల సొరుగు తీసింది. పలక అక్కడే ఉంది. మిషను తీగకు కలపడానికి దానికి అతికించాల్సిన కనెక్టరు ఇంకా కవర్లోనే. టంకం చుక్కయినా లేదు.

అంటే ఈ పలక మిషను ముఖమే చూడలేదు.

ఇంకోటి చేశాడేమో... బీరువా, పుస్తకాల అర, ఆఖరికి బియ్యం డబ్బా. లేదు.

ఐజాక్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఈ రోజే థీసిస్ విశాఖ తీసుకెళ్ళి గైడు చేతికివ్వాలి.

"గీత బాగా కుదిరిందండీ. నిజంగా కొలిచారా?"

వేళ్ళు గుండీ మీద ఆగాయి.

"ఏటి, కొత్తగా అనుమానం?"

"పలకకి కనెక్టరే లేదు."

అతను ఆఖరి గుండీ పెట్టుకున్నాడు.

"దారి తెగిపోయింది సుజానా. టబ్బులోంచి తీసిన సాయంత్రమే చూసేను."

అంతే. ఎవరు తీశారని అడగలేదు. ఎంతసేపు ఉంచారని అడగలేదు.

ఆమెను తిట్టకుండా ఉండడానికా కొలవకుండా పెట్టిన ఆ చుక్కలు? ఆమె తప్పును సాకుగా చేసుకుని గీసిన చుక్కలా?

తెలియదు. అతనికైనా తెలుసో లేదో...

బయట జీపు హారన్.

అతను చెప్పుల కోసం వంగాడు. సుజానా థీసిస్ తెరిచింది. చుక్కల గీత ఉన్న పేజీలో తెగిన పలక పెట్టింది. మూసి, సంచీలో వేసి, చేతికందించింది.

"బేగి రండి."

జీపు కదిలింది. మంచు దాన్ని మింగేసింది.

ఆ పేజీ ముందు ఎవరు తెరుస్తారో — ఘాట్ మలుపుల్లో అతనా, బల్ల వెనక గైడా...

ఆమె వాకిట్లో నిలబడింది. ఏమీ కనిపించదు. జీపు చప్పుడు మాత్రం — ఒక మలుపులో వినిపించి, ఒక మలుపులో ఆగి... మళ్ళీ వినిపించి...

దిగుతోందో, వెనక్కి తిరిగిందో.