సముద్రానికి పీకో

ఈసారి ప్రాజెక్టుకి నాకు సముద్రం వచ్చింది. వరండాలో నిలబడి ఉంది. సాయంత్రం బెల్లు కొట్టాక ఇంటికి తీసుకుపోవాలి.

మా నాలుగో తరగతిలో ఎస్తేరు టీచర్ చీటీలు తీయిస్తుంది. చీటీలో ఏముంటే అది వచ్చి వరండాలో నిలబడుతుంది. దాన్ని ఇంటికి తీసుకుపోయి, ప్రాజెక్టు చేసి, శనివారం పట్టుకురావాలి. గౌసియాకి ఉరుము వస్తే టిఫిన్ డబ్బాలో పెట్టుకుని మూత బిగించుకుంది. బసవరాజుకి ఒంటె వచ్చింది. పోయినేడు కూడా ఒంటే వచ్చిందని వాడి ఏడుపు. నేను నా చీటీ విప్పగానే బయట విడిచిన చెప్పులన్నీ తేలి గేటు దాకా పోయాయి.

"టీచర్ టీచర్, ఇది నిజంగా నాకేనా?" అని నేను బెంచీ ఎక్కి గెంతుతున్నాను. మా ఆదోనిలో సముద్రాన్ని చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? కొళాయిలో నీళ్ళొస్తేనే మా వీధిలో కేకలు వేసుకుంటూ బిందెలు పట్టుకుని ఉరుకుతారు.

"దిగు చైత్రా. ఎవరికొచ్చింది వాళ్ళదే. నీట్‌గా చేసుకురా, నీట్‌నెస్‌కే సగం మార్కులు," అంటుంది టీచర్.

సముద్రం ఆటోలో పట్టదు. ఒక మూల నా వేలికి చుట్టుకుంటే మిగతాదంతా తనంతట తానే వెంట వస్తోంది, సందుల్లో సన్నబడుతూ, మార్కెట్ దగ్గర వెడల్పవుతూ. మిర్చి బజ్జీల బండాయన స్టవ్వు పైకెత్తి పట్టుకుని దారి ఇస్తాడు.

"ఎవరి పాపవే నువ్వు?"

"టైలరు ఉరుకుందమ్మ కూతుర్ని."

"అట్లనా! అయితే పో, పో," అంటాడు. మా అమ్మ పేరు చెబితే ఎవరూ అడ్డం రారు. ఊళ్ళో సగం మంది జాకెట్లు మా ఇంట్లోనే ఉన్నాయి.

మాది రెండు గదుల ఇల్లు. సముద్రం గడప దాటగానే నడిమిగది పొడుగవుతుంది. అవతలి గోడ జరిగి జరిగి, దాని మీది క్యాలెండరు చుక్కంత అయిపోయి, తర్వాత కనిపించదు. అమ్మ మిషన్ తొక్కడం ఆపి కళ్ళద్దాలు పైకి నెట్టుకుంటుంది.

"ఇంత పెద్దదా? ఆ చీటీల్లో చిన్నదేమీ లేదా? ఈగ, ఉల్లిగడ్డ, అట్లాంటియి?"

"నాకు ఇదే వచ్చిందిమా!"

"వస్తే వచ్చిందిలే. చేద్దాం," అంటుంది. అప్పుడే ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మెరుపు నాకు తెలుసు.

నిజం చెప్పాలంటే ప్రాజెక్టులు నావి కావు, మా అమ్మవి. మా క్లాసులో అందరివీ వాళ్ళ అమ్మలవే, టీచర్‌కీ తెలుసు. కానీ మా అమ్మకి ఉన్నంత పట్టుదల ఎవరికీ లేదు. ఐదో తరగతిలో ఉండగా, తమ్ముణ్ణి ఎత్తుకునేదానికి ఎవరూ లేరని ఆమెను బడి నుంచి ఇంటికి పిలిపించేశారు. లెక్కల పీరియడ్ మధ్యలో లేచి వచ్చేసిందట. ఇప్పుడు నా ఒకటో తరగతి నుంచీ మళ్ళీ చదువుతోంది. ప్రతిసారీ సెకండే. ఫస్టు ఎప్పుడూ బసవరాజు వాళ్ళమ్మకే వస్తుంది. ఆమె బ్యాంకు మేనేజరు భార్య, వాళ్ళింట్లో రంగుల ప్రింటరు ఉంది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఫస్టు రావల్ల," అని మా అమ్మ కాజాలు కుడుతూ కూడా అనుకుంటుంది.

నాకైతే మార్కుల ధ్యాసే లేదు. అల అంటే ఇదా! అది లేస్తుంది, నా మీద పడుతుంది, నన్ను పడేసి నవ్వుతుంది. చిన్న చిన్న చేపలు మిషన్ కిందికి పోయి రాలిన దారపు ముక్కలు తింటున్నాయి. గూట్లో దేవుడి పటం దాకా నురగ ఎగురుతుంది. నాయన మిల్లు నుంచి వచ్చి, ఒంటి మీది పత్తి దులుపుకుంటూ గడపలో ఆగుతాడు.

"ఇందులో కాళ్ళు కడుక్కోవచ్చునా?"

"కడుక్కో నాయనా, ఉప్పుగా ఉంటుంది."

ఆయన కాళ్ళు కడుక్కుని, చాలాసేపు అట్లాగే నిలబడి, చివరికి చొక్కా విప్పి మొత్తం దిగిపోతాడు. నేను సంతోషం పట్టలేక అరుస్తున్నాను. పక్కింటివాళ్ళు గోడ మీది నుంచి తొంగి చూసి, వాళ్ళ బియ్యం కడిగిన నీళ్ళు కూడా ఇందులోనే పోయొచ్చా అని అడుగుతున్నారు.

అప్పుడు నాకు శనివారం గుర్తొస్తుంది, అరవడం ఆపేస్తాను.

ఎందుకంటే ప్రాజెక్టు చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు ఉపోద్ఘాతం, తర్వాత ఉపయోగాలు, చివర ముగింపు. ముగింపు చెప్పగానే అది అయిపోతుంది. టీచర్ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. పోయినేడు నాకు వానాకాలం వచ్చింది. బాగా బట్టీపట్టి ముగింపు గడగడా చెప్పేశాను. అది బీరువాలోకి పోయింది, ఊళ్ళో మళ్ళీ చినుకు పడలేదు.

"మా, దీన్ని సబ్మిట్ చెయ్యొద్దుమా. మనమే పెట్టుకుందాం."

"సబ్మిట్ చెయ్యకపోతే మార్కులు యాడ నుంచి వస్తాయే?" అంటుంది అమ్మ. ఆమె అప్పటికే మెడలో టేపు వేసుకుని సముద్రం కొలతలు తీసుకుంటోంది. నడుము దగ్గర అందక రెండుసార్లు తిరిగి వస్తుంది.

కొలిచి, అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసి, నాలుక చప్పరిస్తుంది. "ఇది చూడు, అంచంతా పీచులు లేస్తాంది. ఇట్లనే పట్టుకుపోతే మన పరువేం గాను?"

"అది నురగమా!"

"నాకు చెప్తావా నువ్వు? ఇరవై ఏండ్లుగా చీరలు చూస్తాండా."

కొత్త చీరకి ఫాలు వేసి, అంచు మడిచి పీకో కుట్టకుండా మా అమ్మ ఎవరినీ కట్టుకోనివ్వదు. పెళ్ళికూతురైనా సరే కూర్చోవలసిందే. నన్నూ సముద్రాన్నీ వెంటబెట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కి పోతుంది. కొట్టాయన రుద్రప్ప డబ్బాలన్నీ దించి, ఒక్కొక్క దారం రీలూ నీళ్ళ మీద పెట్టి చూస్తాడు. నీలం పెడితే అది పచ్చగా అవుతుంది, పచ్చ పెడితే బూడిద రంగులోకి పోతుంది.

"ఈ రంగు నిలబడదక్కా. చూస్తాండంగనే మారిపోతాది."

"అయితే అన్నిట్లో ఒక్కొక్కటి ఇయ్యి," అంటుంది అమ్మ.

శుక్రవారం సాయంత్రం పీకో మొదలవుతుంది. మిషన్ టకటకమంటోంది. అమ్మ ఒక చేత్తో సముద్రాన్ని ముందుకు తోస్తూ, ఇంకో చేత్తో వెనక నుంచి లాగుతోంది. సూది పోయిన చోటల్లా అల తల వంచి లోపలికి మడతపడుతుంది. నేను పక్కన కూర్చుని, కొంచెం వదులుగా కుట్టమ్మా, వదులుగా కుట్టు అని బతిమాలుతున్నాను. ఆమె వినదు. పనిలో పడితే మా అమ్మకి చెవులుండవు. చివరి మూల కుట్టి, దారం పళ్ళతో కొరికి, ఇస్త్రీ పెట్టె తీస్తుంది.

ఇప్పుడు సముద్రం చక్కగా మడతపెట్టి ఉంది. లోపల పాత పేపరు పెట్టి ఉంది. చేపలు ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

"మా, ఇది ఊపిరి తీయడం లేదు."

"బుద్ధిగా ఉండాది," అంటుంది అమ్మ. "బుద్ధిగా ఉంటేనే ఫస్టు వచ్చేది."

నాకు ఒళ్ళు మండిపోతుంది. అన్నం తినను పో అంటాను. ఆమె నా జడ సరిచేసి, సముద్రాన్ని క్యారీబ్యాగులో పెడుతుంది.

శనివారం అమ్మలందరూ వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. ఒక్కొక్క అమ్మ వచ్చేకొద్దీ క్లాసుకి ఒక్కొక్క కిటికీ పెరుగుతోంది. గౌసియా లేచి డబ్బా మూత తీసి ఉరుము గురించి చెబుతుంది. ఉపోద్ఘాతం. ఉపయోగాలు. ముగింపు. ఉరుము బీరువాలోకి పోతుంది. మేమంతా చప్పట్లు కొడతాం, చప్పుడు రాదు. గౌసియా తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంటుంది.

తర్వాత బసవరాజు ఒంటె. దానికి టై కట్టి, గిట్టలకు సాక్సులు తొడిగి, వీపు మీద రంగుల ప్రింటుతో హెడ్డింగు అంటించారు. కిటికీలో వాడి అమ్మ నవ్వుతోంది. మా అమ్మ మొహం పాలిపోతుంది. కానీ ఒంటె ఉన్నట్టుండి టీచర్ టేబుల్ మీది పూలు తినేస్తుంది, సగం మార్కు పోతుంది. పూలు నమలడం అయ్యాక ముగింపు చెప్పుకోవచ్చని టీచర్ దాన్ని పక్కన నిలబెడుతుంది.

నా వంతు వస్తుంది.

టీచర్ క్యారీబ్యాగులోంచి సముద్రాన్ని తీసి బెంచీల మీద పరుస్తుంది. అరచేత్తో రాస్తుంది. "అబ్బబ్బ, ఏం నీట్‌గా ఉందిరా పిల్లలూ! ఒక్క అల లేదు. చూసి నేర్చుకోండి." బోర్డు మీద నిండుగా మార్కులు వేసి, ఫస్టు కప్పు తీసి టేబుల్ మీద పెడుతుంది. "ఫస్టు. ఇంక ముగింపు చెప్పేసెయ్ చైత్రా."

కిటికీలో మా అమ్మ చెంగుతో నోరు మూసుకుని ఏడుస్తోంది. ఆమె అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

నేను నోరు తెరుస్తాను. "ఇంతటితో సముద్రం..." అంటాను. సముద్రం నా చేతి కింద చల్లగా, సాఫుగా ఉంది. మిగతా మాట నాకు వచ్చు. కానీ రాదు.

"టీచర్, దీనికి ముగింపు లేదు."

"ముగింపు లేకపోతే మార్కుల్లేవు. ఫస్టు బసవరాజుకి పోతుంది. ఇష్టమేనా?"

ఏం చెప్పాలి నేను? సముద్రం నాది, ఫస్టు మా అమ్మది. నాకు ఏడుపొచ్చేస్తోంది. కిటికీ వైపు తిరిగి గట్టిగా అరుస్తాను, "మా! నువ్వే చెప్పు!"

అమ్మలందరూ మా అమ్మ వైపు చూస్తారు. ఆమె కళ్ళు తుడుచుకుంటుంది. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గర ఆగి, "లోపలికి రావచ్చునా టీచర్?" అని అడుగుతుంది. టీచర్ తలూపుతుంది.

అమ్మ నడిచి వచ్చి సముద్రం మీద చెయ్యి వేస్తుంది. ఎవరిదైనా జాకెట్టు బిగుతైందని తిరిగొస్తే చూసినట్టు, ముందూ వెనకా తిప్పి చూస్తుంది. వంగి చెవి పెడుతుంది. చాలాసేపు వింటుంది. అది ఏమీ అనడం లేదు.

"అయ్యో," అంటుంది నెమ్మదిగా. "చంపేసినాను గదా దీన్ని."

"ఏమ్మా ఉరుకుందమ్మా, ఏమైంది?"

"తప్పు కుట్టినా టీచర్. విప్పల్ల."

"విప్పితే నీట్‌నెస్ పోతుంది కదమ్మా!"

"పోనీ," అంటుంది మా అమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె ఒక్కసారి బోర్డు వైపు చూస్తుంది. నేను వెళ్ళి ఆమె నడుము పట్టుకుంటాను.

ఆమె మూలలో దారం కొస వెతికి, పళ్ళతో కొరికి, లాగుతుంది. పీకో అంటే అంతే, ఒక్క కొస దొరికితే చాలు, సర్రున వచ్చేస్తుంది. మడత విప్పుకుని మొదటి అల లేస్తుంది. దాని వెనక రెండోది. బోర్డు మీద నా మార్కులు తడిసి కారిపోతాయి. బెంచీలు తేలుతున్నాయి, పిల్లలు కేకలు పెడుతున్నారు, గౌసియా చప్పట్లు కొడుతోంది, ఈసారి చప్పుడు వస్తోంది! బసవరాజు వాళ్ళమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి ఫస్టు కప్పు అందుకుని, అందులో నిండిన నీళ్ళు వంపేసి, మళ్ళీ నిండితే మళ్ళీ వంపుతోంది. ఒంటె టై విప్పేసుకుని ఈత నేర్చుకుంటోంది. ఎస్తేరు టీచర్ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, "నెమ్మది, నెమ్మది, లైనుగా తడవండి," అంటోంది, కానీ అందరికంటే ముందు ఆమే తడుస్తోంది.

"మా, బతికింది!" అని నేను గంతులేస్తున్నాను. "బతికింది చూడు!"

మా అమ్మ అప్పటికే నా బెంచీ మీద కూర్చుని ఉంది. బెంచీ చిన్నది, ఆమె మోకాళ్ళు బల్లకు తగులుతున్నాయి. ఒళ్ళో తడిసిన దారాల ఉండ ఉంది. అల ఆమె పాదాల దాకా వచ్చి వెనక్కి పోతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. ఆమె దాన్నే చూస్తూ, మెల్లగా, చెయ్యి ఎత్తుతుంది.



"చెప్పమ్మా," అంటుంది టీచర్.

"ఒక డౌటు టీచర్."

"సముద్రం గురించైతే నాకు తెలియదు, దాన్నే అడుగు."

మా అమ్మ గొంతు సవరించుకుని, సముద్రం వైపు తిరుగుతుంది. "ఇంతదూరం వచ్చినావు గదా. ఇంకొక్క అడుగు వేస్తే అందుతావు. ప్రతిసారీ వెనక్కి పోతాండావు. నిన్ను ఎవరు పిలుస్తాండారు ఇంటికి?"

సముద్రం లేచి నిలబడుతుంది. మొత్తం సముద్రం, అడుగు నుంచి, చేతులు కట్టుకుని. పైకప్పు తొలగిపోయి దానికి చోటిస్తుంది. ఆకాశం దాకా నీళ్ళే, జేబులో పెన్నులు పెట్టుకున్నట్టు ఓడలు నిలువుగా నిలబడి ఉన్నాయి. ఇంతవరకు దాన్ని ఎవరూ ఏమీ అడగలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. పెదవులు కదులుతాయి, మాట ఇంకా రాదు.

"తొందరేం లేదు," అంటుంది మా అమ్మ. బెంచీ మీద కొంచెం జరిగి, కొంగుతో చెక్క తుడిచి, పక్కన చోటు చూపిస్తుంది. "నిలబడొద్దు. కూచోని చెప్పు."