లెక్క రుబీనాది

నేను ఒక ఆసుపత్రి దుప్పటిని. సిరిసిల్ల మరమగ్గం మీద పుట్టాను. ఎందరో నన్ను కప్పుకుని మూలిగారు, కొందరు పెరుగన్నం తిని మూతి కూడా తుడుచుకున్నారు. అయినా మర్యాదగానే బతికాను. కరోనా వచ్చాకే నా ఉద్యోగం మారిపోయింది.

సంగతేమిటంటే, ఊపిరి ఆడని రోగిని బోర్లా పడుకోబెడితే కాస్త ఊపిరి అందుతుంది. నోట్లో గొట్టం ఊడకుండా తిప్పాలంటే, కింద పరిచిన దుప్పటిని పట్టుకుని అందరూ ఒక్కసారే లాగాలి. తలవైపు ఉన్నవాళ్లు లెక్కపెట్టాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. వైద్య విద్యార్థులకు అన్నిటికన్నా కష్టమైన పాఠం ఆ రెండోదే.

వాళ్లకు ఆ పని నేర్పే హైమావతి మేడం ఇసుక మూటలకు హాస్టల్ వార్డెన్ పాత పైజామా తొడిగి, నోరుండాల్సిన చోట ఒక గొట్టం పెట్టి నామీద పడుకోబెట్టింది. ఇది కుదిరితేనే కోవిడ్ వార్డులోకి పంపుతానంది. తలవైపు రుబీనా నిలబడింది. మాస్కు వెనక ఆ పిల్ల గొంతు దోమ పాటలా ఉంది. కాళ్లవైపు విశ్వతేజ, క్లాసు ఫస్టు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే రకం. రుబీనా ‘రెండు’ అనేలోపే తాను ‘మూడు’ అని అరిచాడు. కొందరు అటు, కొందరు ఇటు లాగారు. నేను పర్రున చిరిగాను. వార్డెన్ పైజామా నేలమీద బోర్లా పడింది.

“బోర్లనే పడ్డడు కద మేడం,” అన్నాడు విశ్వతేజ.

మేడం నవ్వలేదు, గొట్టం ఎక్కడుందో చూడమంది. అది ఊడొచ్చి రుబీనా చేతిలో ఉంది.

‘మూడు’ అంటుండగా లాగాలా, అన్నాక లాగాలా అని తర్వాత పెద్ద వాదన జరిగింది. అన్నాకే అని తేలింది. నాకు కుట్లు పడ్డాయి. మిగతావాళ్లు తిప్పడం నేర్చుకుని కోవిడ్ వార్డులోకి వెళ్లారు, విశ్వతేజకు మాత్రం జ్వరం వచ్చింది.

వారం తిరక్కుండానే వాణ్ణి ఆ వార్డుకే తెచ్చి, అక్కడ పరిచిన నామీదే పడుకోబెట్టారు. మొహానికి ఆక్సిజన్ మాస్కు, పక్కకు ఒత్తిగిల్లే ఓపిక కూడా లేదు. మాస్కు ఊడితే ప్రాణం మీదికొస్తుంది. నాకు నిజంగా భయమేసింది. తలవైపు రుబీనా, చుట్టూ అదే జట్టు. అంత అవస్థలోనూ వాడు సన్నగా ‘ఒకటి’ అన్నాడు.

రుబీనా వంగి, “సప్పుడు జెయ్యకు. లెక్క నాది,” అంది.

వాడు నోరు మూసుకున్నాడు. మూడు అన్నాక అందరూ ఒక్కసారే లాగారు. నా కుట్టు ఒక్కటీ తెగలేదు. మాస్కు కదల్లేదు. కాసేపటికి వాడి ఊపిరి కుదుటపడింది. గుడ్డనై పుట్టాను గానీ, లేకపోతే ఏడ్చేదాన్ని.

ఇప్పుడు నేను పాతబడి, మొదట చిరిగిన ఆ పాఠాల గదిలోనే బల్లలు తుడిచే గుడ్డను. కొత్త బ్యాచికి నేర్పేటప్పుడు ఇసుక మూటలకు బదులు విశ్వతేజే కొత్త దుప్పటి మీద పడుకుంటున్నాడు. పిల్లలు ఎంత తప్పుగా లెక్కపెట్టినా నోరు మెదపడు. కాలి బొటనవేలు మాత్రం ఆగదు. ఒకటి, రెండు, మూడు అని ఆడుతూనే ఉంటుంది.