బొట్టు పెట్టుకున్న స్పీడు గన్ను

నేను ఒక స్పీడు గన్నుని. పేరులో తుపాకీ ఉంది గానీ నా జన్మలో ఒక్క ఈగను కూడా చంపలేదు. దూసుకొచ్చే బంతి వైపు నన్ను గురిపెట్టి మీట నొక్కితే దాని వేగమెంతో నా వీపు మీది చిన్న అద్దంలో అంకె వెలిగించి చూపిస్తాను. నాకు తెలిసిన విద్య అంతే. నేను పుట్టింది అమెరికాలో, బేస్‌బాల్ ఆట కోసం. అక్కడివాళ్ళు దూరాన్ని మైళ్ళలో కొలుస్తారు కాబట్టి నాకూ మైళ్ళే నేర్పారు. కిలోమీటర్లు కూడా వచ్చు గానీ, దానికి నా పొట్టలో బ్యాటరీల పక్కనున్న బుల్లి మీటను అటు జరపాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా కథలో ఒక మనిషి బతుకు ఆ మీట దగ్గరే ఆగిపోయింది.

నా మొదటి యజమాని వాల్టర్ అనే ముసలాయన. అక్కడ పెద్ద జట్టు కింద నాలుగైదు చిన్న జట్లుంటాయి. కుర్రాళ్ళను వాటిలో వేసి, మాగేదాకా ఉంచి, పనికొచ్చేవాణ్ణి పైకి పంపుతారు. ఎవడు పనికొస్తాడో చెప్పడమే వాల్టర్ ఉద్యోగం. ఊరూరా తిరిగి, చెక్క బెంచీల మీద కూర్చుని, వేయించిన వేరుసెనగలు నములుతూ ఆ కుర్రాళ్ళను చూసేవాడు. బంతి పడేటప్పుడు నన్ను ఎత్తిపట్టుకునేవాడు గానీ నా అద్దం వైపు చూసేవాడు కాదు. ముందు తన మనసులో ఒక అంకె అనుకుని, ఆ తర్వాతే నన్ను చూసేవాడు. నాదీ ఆయనదీ ఒకటైతే తల ఊపేవాడు. కాకపోతే ఇంకో బంతి చూసేవాడు. బంతిని చితక్కొట్టించుకున్నాక కుర్రాడి మొహం ఎలా ఉందో ముందు రాసుకుని, అంకెను మాత్రం చివర రాసుకునేవాడు. అప్పట్లో నాకు ఆయన మీద కోపంగా ఉండేది. ఇంత చదువుకున్న యంత్రాన్ని పక్కన పెట్టుకుని వేరుసెనగలకిచ్చిన విలువ కూడా నాకివ్వడేమిటని.

వాల్టర్ పోయాక ఆయన సామానంతా పాత సరుకుల లాటులో కలిసిపోయింది. అట్టపెట్టెలో, ఓడలో, లారీలో నెలలు గడిపి విజయనగరం చేరాను. నన్ను కొన్నది నాగావళి వేటగాళ్ళు అనే క్రికెట్ జట్టు. జట్టు యజమాని టైల్స్ వ్యాపారి. ఆయన బావమరిది విశ్వపతి గారు ప్రతిభాన్వేషణ విభాగానికి అధిపతి. విశ్వపతి గారు ఒకప్పుడు యూనివర్సిటీ జట్టులో పన్నెండో ఆటగాడట. ఆ అనుభవంతో ఇప్పుడు మూడు జిల్లాల్లోని కుర్రాళ్ళ భవిష్యత్తు తేలుస్తున్నారు. పెద్ద జట్టుకు కింద రెండో జట్టు ఒకటి పెట్టి, ఇరవై మూడేళ్ళ లోపు వాళ్ళను అందులో పెంచాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ఇలాంటి ఆలోచనలు ఎప్పుడూ మంచివే.

జూన్‌లో నాకు ప్రారంభోత్సవం చేశారు. కొత్త స్కూటరుకు, కొత్త ట్రాక్టరుకు చేసినట్టే పూజారిని పిలిపించి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చారు. అమెరికాలో ఎవరూ నన్ను ఇంత గౌరవించలేదు, ఉబ్బితబ్బిబ్బయ్యాను. పూజారి నా ఒళ్ళంతా చూసి, బొట్టు పెట్టడానికి అద్దం కింది మూల అనువుగా ఉందనుకుని అక్కడ తడి పసుపు రాసి, దాని మీద కుంకం దట్టంగా అద్దాడు. సరిగ్గా అక్కడే అంకె పక్కన మైళ్ళో కిలోమీటర్లో చెప్పే చిన్న అక్షరాలు వెలుగుతాయి. పూజ చేసిన వస్తువు బొట్టు ఎవరు తుడుస్తారు? నన్ను మెత్తటి గుడ్డతో రోజూ తుడిచేవారు గానీ, ఆ మూల దాకా వచ్చి భక్తిగా ఆగిపోయేవారు.

జులైలో ఎంపికలు మొదలయ్యాయి. అరవైమంది బౌలర్లు వచ్చారు. విశ్వపతి గారు గొడుగు కింద కుర్చీ వేసుకుని నన్ను గురిపెట్టారు. డెబ్భై రెండు, డెబ్భై అయిదు, అరవై తొమ్మిది. ఆయన మొహం మాడిపోయింది. నూట ఇరవై దాటితేనే తీసుకోవాలని ముందే కాగితం మీద రాసుకొచ్చారు మరి. టీవీలో నూట నలభై చూపిస్తారు కదండీ అని ఎవరో అడిగితే, అవన్నీ వ్యాపారం కోసం పెంచే అంకెలని కొట్టిపారేశారు. ఆ వారమే యజమానికి పన్నెండు పేజీల నివేదిక రాశారు. ఈ మూడు జిల్లాల మట్టిలోనే వేగం లేదని, చద్దన్నం వల్ల భుజం బరువెక్కుతుందని, అందరికీ రాగిజావ పట్టించాలని దాని సారాంశం.

జట్టు కోచ్ దాలినాయుడు గారిది వేరే పద్ధతి. ఆయన వికెట్ కీపరు వెనక నిలబడి కళ్ళు మూసుకునేవాడు. బంతి వచ్చి గ్లవ్స్‌లో పడే చప్పుడు విని వేగం చెప్పేవాడు. వాల్టర్ గుర్తొచ్చేవాడు నాకు. గరికిన పోలరాజు అనే కుర్రాడు బంతి వేసినప్పుడు మాత్రం దాలినాయుడు గారు కళ్ళు తెరిచేశాడు.

పోలరాజుది ముక్కాం ఊరి దగ్గర చేపల పల్లె. వయసు ఇరవై మూడు నిండబోతోంది, అంటే అతనికి ఇదే ఆఖరి అవకాశం. ఎంపికైతే ఇక్కడ బౌలరు, లేకపోతే ఆగస్టులో తన వాళ్ళతో కలిసి గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి, అక్కడి బోట్ల మీద ఎనిమిది నెలలు కళాసీ. రెండో బంతికే మిడిల్ స్టంపు విరిగి కీపరు కాళ్ళ దగ్గర పడింది. నా అద్దంలో ఎనభై ఆరు వెలిగింది. ఆ రోజు మైదానంలో నేను చూపించిన అంకెల్లో అదే పెద్దది. విశ్వపతి గారు విరిగిన స్టంపును చూశారు, నన్ను చూశారు, నన్నే నమ్మారు. కొత్త స్టంపులు నాసిరకంగా వస్తున్నాయని నిట్టూర్చి, పోలరాజు పేరు ఎదురుగా ఇలా రాశారు: మంచి ఎత్తు, క్రమశిక్షణ ఉంది, వేగం లేదు, స్పిన్ నేర్పి చూడవచ్చు.

దాలినాయుడు గారు ఊరుకోలేదు. తన స్కూటరెక్కి మైదానంలో ఎదురుగా వస్తానని, తన వైపు నన్ను గురిపెట్టమని పందెం వేశాడు. స్కూటరు మీటరు నలభై చూపించింది, నేను ఇరవై అయిదు చూపించాను. అందరూ ఒక్కమాటగా స్కూటరు మీటరు పాడైందని తేల్చారు. ఆయన పాపం మెకానిక్ దగ్గరికి వెళ్ళి మీటరు విప్పించాడు. మెకానిక్ బాగానే ఉందన్నాడు. మెకానిక్ కూడా పాడయ్యాడని విశ్వపతి గారు నవ్వారు. ఆ తర్వాత ఆయన దాలినాయుడు గారి భుజం మీద చెయ్యి వేసి అన్న మాట నేను మరచిపోలేను.

"యంత్రానికి బంధుత్వాలుండవు దాలినాయుడు గారూ. అందుకే దాన్ని నమ్మాలి."

యజమాని బావమరిది అన్నాడీ మాట. నా అద్దం ఆరిపోయి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అందులో ఏం వెలిగేదో.

పోలరాజు రెండు వారాలు స్పిన్ నేర్చుకున్నాడు. బుద్ధిగా నేర్చుకున్నాడు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ పొడుగాటి చెయ్యి, పడవలో వల లాగిన చెయ్యి, బంతిని బొంగరంలా తిప్పడానికి తంటాలు పడుతుంటే నాకు అరవాలనిపించింది. నాకు నోరిచ్చినవాడు లేడు. స్పిన్ కూడా రాదని తేల్చి ఆగస్టు మొదటి వారంలో అతన్ని పంపించేశారు. అతను విశ్వపతి గారి కాళ్ళకు దణ్ణం పెట్టి, నా వైపు కూడా ఓసారి చూసి, వీరావల్ రైలెక్కాడు.

ఆగస్టు నెలాఖరున సాధన జరుగుతుండగా ఒక్కసారిగా వాన కొట్టింది. నేను తడిసిపోతానని దాలినాయుడు గారు నన్ను చొక్కా లోపల దాచుకుని షెడ్డులోకి పరుగెత్తాడు. తీసి చూస్తే ఆయన బనియను ఎర్రగా ఉంది, నా మూల తెల్లగా ఉంది. మీట నొక్కి చూస్తే మైళ్ళని చెప్పే అక్షరాలు బయటపడ్డాయి. మైలురాళ్ళు లెక్కపెట్టుకుంటూ బడికి నడిచిన తరం ఆయనది. స్టంపు మొనతో తడి మట్టి మీద లెక్క వేశాడు. ఎనభై ఆరును ఒకటీ పాయింటు ఆరుతో హెచ్చవేస్తే నూట ముప్పై ఎనిమిది దాకా వచ్చింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే వచ్చింది.

లీగుకు ఆటగాళ్ళ జాబితా పంపడానికి ఇంకా మూడు రోజులుంది. దాలినాయుడు గారు వీరావల్‌కు ఫోన్ చేస్తే, బోటు సముద్రంలో ఉంది, రావడానికి ఇరవై రోజులు పడుతుందన్నారు. అయినా పేరు రాయడానికి మనిషి ఎదురుగా ఉండక్కర్లేదని ఆయన విశ్వపతి గారి దగ్గరికి నన్ను పట్టుకెళ్ళాడు. విశ్వపతి గారు నా అక్షరాలను చాలాసేపు చూశారు. తలుపు వేసి రమ్మన్నారు.

"ఇప్పుడు ఒక్క పేరు చేరిస్తే, మిగిలిన యాభై తొమ్మిది మంది సంగతేమిటని అడుగుతారు. నా నివేదిక సంగతేమిటి? మీ ఉద్యోగం సంగతేమిటి?"

దాలినాయుడు గారికి ఇద్దరు మనవలు, ఇంకో ఏడాది ఉద్యోగం. ఆయన నన్ను బల్ల మీద పెట్టేసి బయటికి నడిచాడు. ఆయన్ను తిట్టుకున్నాను, తర్వాత జాలిపడ్డాను, ఇప్పటికీ రెండింటి మధ్యా ఊగుతున్నాను. ఆయన వెళ్ళాక విశ్వపతి గారు నా పొట్ట తెరిచి, ఆ బుల్లి మీటను గోరుతో అటు జరిపారు.

జనవరిలో మళ్ళీ ఎంపికలు పెట్టారు. అదే కుర్రాళ్ళు వచ్చారు. నూట పదహారు, నూట ఇరవై, నూట పదకొండు. మైదానమంతా చప్పట్లు. ఆరు నెలల రాగిజావతో వేగం అరవై శాతం పెరిగిందని విశ్వపతి గారు కొత్త నివేదిక రాశారు, ఈసారి ముప్పై పేజీలు. యజమాని శాలువా కప్పాడు. పేపర్లో ఫొటో వేశారు. పక్క జిల్లాల నుంచి పెద్దమనుషులు వచ్చి రాగులు ఏ రకమో, జావ ఎంత చిక్కగా ఉండాలో రాసుకుని వెళ్ళారు. ఈ ప్రాంతానికి వేగం తెచ్చిన యంత్రమని నన్ను జట్టు అకాడమీ వరండాలో గాజు బీరువాలో పెట్టి, బ్యాటరీలు తీసేసి, మళ్ళీ అదే మూల బొట్టు పెట్టారు. ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు, హోదా మాత్రం ఉంది. చాలామంది మనుషులు కోరుకునేది ఇదే అనుకుంటాను.

మే నెలలో పోలరాజు సీజను ముగించుకుని ఇల్లు చేరి, ఎండు చేపల పొట్లం పట్టుకుని దాలినాయుడు గారిని చూడ్డానికి వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, భుజాలు ఇంకా గట్టిపడ్డాయి. వయసు దాటిపోయింది కాబట్టి అతన్నిక ఏ జట్టూ పిలవదు. వరండాలో నా ముందే నిలబెట్టి దాలినాయుడు గారు జరిగిందంతా చెప్పేశాడు. మైళ్ళు, బొట్టు, వాన, ఆ మూడు రోజులు, తాను నోరు మూసుకున్న సంగతీ చెప్పాడు. పోలరాజుకు కోపం వస్తుందని చూశాను. రాలేదు.

"నాకు తెలుసండి. బంతి ఇడిసినోడికి తెలీదేటండి, ఎంత జోరుగా ఎల్తందో."

"మరెందుకు సెప్పలేదురా?"

"అమెరికా మిసను కదండి." అతను నా వైపు చూశాడు. "నా సెయ్యే అబద్ధమాడతంది అనుకున్నాను."

నా ఆయుష్షులో కొన్ని లక్షల బంతులు చూశాను. ఒక్క అంకె తప్పు చెప్పలేదు. ఆ మాట విన్నాక మాత్రం ఒక్కసారైనా చెడిపోయి ఉంటే బాగుండేదనిపించింది. చెడిపోయిన యంత్రాన్ని ఎవరూ నమ్మరు కదా.

దాలినాయుడు గారు లోపలికి వెళ్ళి ఒక పాత బంతి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. వరండా ముందు నెట్స్ ఖాళీగా ఉన్నాయి. పోలరాజు చెప్పులు విప్పి, లుంగీ ఎగ్గట్టి, ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి పరుగెత్తుకుంటూ వచ్చాడు. దాలినాయుడు గారు కళ్ళు మూసుకున్నాడు. బంతి వెళ్ళి వెనకున్న చెక్కకు తగిలిన చప్పుడుకు నా గాజు బీరువా అదిరింది.

"ఎంతుంటదండి?" అన్నాడు పోలరాజు, రొప్పుతూ.

"నీ సెయ్యేటంటంది?"

పోలరాజు తన అరచేతిని కాసేపు చూసుకున్నాడు.

"నూట నలభై అంటందండి."

"అయితే నూట నలభయ్యే," అన్నాడు దాలినాయుడు గారు. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు.