ఎవరిళ్ళలో వాళ్ళు

పేరు చెప్పను గాని, అన్నాడు పాస్టరుగారు నిన్న ఆరాధనలో, పేరు చెప్పను గాని దర్జీ పని చేసుకునే ఒక సహోదరుడు, పక్షవాతంతో భార్య మంచాన పడ్డ ఒక సహోదరుడు, సంఘం మొత్తానికి దర్జీ ఉన్నదే ఒక్కడు, ఇక పేరొక్కటి మింగి ఎవరిని ఉద్ధరించినట్టో, కుట్టు మిషను మీద పాదం ఆడుతూనే ఉంది, దారం ఎప్పుడు తెగిందో అతను చూసుకోలేదు, వట్టి సూది గుడ్డలో గుచ్చుకుంటూ పోతోంది, కోపంలో భార్య మీద చెయ్యి చేసుకున్న ఆ సహోదరుని కోసం ప్రార్థిద్దాం అనగానే తలలన్నీ భక్తిగా వంగాయి, వంగినవి వంగినట్టే అతని వైపు తిరిగాయి, ముందు వరసలో కళ్ళజోళ్ళ షాపాయన అందరికన్నా కిందికి వంగాడు, వంగడా మరి, మోసుకొచ్చిన మూట దింపుకున్నవాడికి నడుము తేలిగ్గానే వంగుతుంది, ఆయనకు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ చెప్పలేదు అతను ఆ సంగతి, గురువారం సాయంత్రం జతలు జతలుగా కూర్చుని ఒకరినొకరు అడిగే కూటంలో చెప్పాడు, ఈ వారం అబద్ధమాడావా బ్రదర్, ఎవరినైనా నొప్పించావా బ్రదర్, దాచుకున్నదేమైనా ఉందా బ్రదర్, ఇక్కడ చెప్పింది గడప దాటదు అని ముందే మాట, షాపాయన ప్రతి వారం చెప్పే పాపం ఒకటే, ప్రార్థనలో కునుకు పట్టింది బ్రదర్ అంటాడు, ఆ కునుకును క్షమించమని ఇద్దరూ మోకరించి లేస్తారు, ఈసారి మాత్రం అతను నోరు జారాడు, జారడమేమిటి, కక్కేశాడు, లోపల కుళ్ళిపోతోంది మరి, పాలలో నానబెట్టిన రొట్టె స్పూనుతో పెడుతుంటే ఆమె తన మొహం మీద ఉమ్మిందని, మళ్ళీ పెడితే మళ్ళీ ఉమ్మిందని, చెయ్యి లేచింది బ్రదర్ అని, షాపాయన అతని భుజం మీద చెయ్యి వేసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో అప్పుడు, మనిషన్నవాడు ఒకడు దొరికాడనుకున్నాడు, ఆ కన్నీళ్ళు ఆరకముందే గడప దాటించాడు మహానుభావుడు, పైగా చాడీ అనడానికి కూడా లేదు, ప్రార్థన అంశమట, ప్రార్థన అంశాన్ని పట్టుకుని నోరెత్తి ఏమంటాం.

తలుపు చప్పుడు, వందనాలు బ్రదర్, వందనాలు, ముందు పాస్టరుగారు, వెనక షాపాయన, ఆ వెనక తలుపు నిండా సంఘపెద్ద, ఇంట్లో ఉన్నది ఒకటే గది, ఈ గోడకు మిషను, ఆ గోడకు మంచం, మధ్యలో కుర్చీల మీద కత్తిరించిన ప్యాంట్లు, వాటిని ఎత్తి బల్ల మీద పడేసి ముగ్గురినీ కూర్చోబెట్టాడు, కూర్చున్నవాళ్ళు కాసేపటికి లేచి మంచం చుట్టూ చేరారు, పాస్టరుగారు గొంతు సవరించుకుని కోపమనే దురాత్మను పట్టుకున్నాడు, ఈ ఇంట్లోంచి వెళ్ళిపో అని గట్టిగా గద్దించాడు, అది ఏ మూల నక్కిందనుకున్నాడో గాని చూపు మాత్రం పైకప్పు మీదే ఉంది, అతను కళ్ళు మూసుకోలేకపోయాడు, ఆమె వైపే చూస్తున్నాడు, ఆమెకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి గాని చెవులు శుభ్రంగా వినిపిస్తాయి, తెలివి ఎక్కడికీ పోలేదు, అన్నీ అర్థమవుతాయి మాటలే రావు అన్నాడు డాక్టరు, వచ్చే మాట ఒక్కటే, సరే, ఆకలేస్తే సరే, పక్క తడిస్తే సరే, నొప్పి పుడితే సరే సరే, వద్దనడానికి కూడా సరే, అలాంటి మనిషి తలాపున నిలబడి, ఆమె తిన్న చెంపదెబ్బ గురించి, ఆమె గదిలో లేనట్టే దేవుడితో మాట్లాడుతున్నారు, ఈ సహోదరికి ఓర్పునివ్వు ప్రభువా, ఓర్పట, ఓర్పు కావలసింది ఆమెకట, ఆమెన్ అని ముగ్గురూ అనగానే ఆమె సరే అంది, పాస్టరుగారి మొహం వెలిగిపోయింది, చూశారా బ్రదర్, సిస్టర్ క్షమించేశారు, స్తోత్రం స్తోత్రం, షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, ఆమె ఎడమ చెయ్యి దుప్పటి అంచును పట్టి లాగుతోంది, పక్క తడిసిందని దానర్థం, అది చూసినవాడు అతనొక్కడే.

ఒక్క గంట, అన్నాడు, ఎందుకన్నాడో, ఇంతమందిని చూసేసరికి ఆశ పుట్టింది కాబోలు, ఒక్క గంట ఎవరన్నా ఇక్కడ కూర్చుంటే నేను కాస్త కన్ను మూస్తానండి, ఒక్కణ్ణే ఎత్తలేకపోతున్నాను, వీపు మీద పుళ్ళు పడుతున్నాయి, నిద్ర లేక బుర్ర పనిచెయ్యట్లేదు, అందుకే ఆ రోజు, అని ఆగిపోయాడు, ఆ అందుకే ఎంత తియ్యగా నోటిదాకా వచ్చిందో, సంఘపెద్ద గోడ వైపు చూస్తూ, ఆడవాళ్ళ పని కదా బ్రదర్, మా ఇంట్లో అడిగి చూస్తాను అన్నాడు, అడగడని ఆ గొంతే చెబుతోంది, షాపాయన మాత్రం ఉత్సాహంగా ముందుకు జరిగాడు, మీరేం దిగులు పడకండి బ్రదర్, మీ కోసం గొలుసు ప్రార్థన పెట్టాం, అరగంటకొకరు, రాత్రీ పగలూ తెగదు, అతను లేచి నిలబడ్డాడు, ఇక్కడికొచ్చి చేస్తారా అండీ, అబ్బే, ఎవరిళ్ళలో వాళ్ళు బ్రదర్, దేవుడికి దూరమేముంది, నిజమే, దేవుడికి దూరం లేదు, తడిసిన దుప్పటికే ఉంది, గడప దగ్గర షాపాయన వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు, ఏదో ఓదార్పు మాట అనుకున్నాడు అతను, నా ప్యాంటు నడుము వదులు చెయ్యమన్నాను కదా బ్రదర్, అయిందా, అయిపోవచ్చిందండి, రేపిచ్చేస్తాను, ఆ ప్యాంటును ముట్టుకోనైనా లేదు, ఎంత సాఫీగా వచ్చిందో అబద్ధం, ఈ వారం చెప్పుకోవడానికి ఒకటి తయారు.

దుప్పటి ఒక్కడే మార్చాడు, ఆమెను గోడ వైపు దొర్లించి ఒక అంచు, ఇటు దొర్లించి ఇంకో అంచు, ఆమె బాగున్న రోజుల్లో ఈ గురువారాల అవసరమే లేకపోయింది, చీపురు పట్టుకుని బల్ల కిందికి వంగి, ఈ ముక్క ఎవరిదండీ అనేది, మిగిలిన గుడ్డ దర్జీదేనే, లోకమంతా అంతే అని అతను దబాయించేవాడు, లోకం గొడవ నాకెందుకు, మీ సంగతి చెప్పండి అనేది, ఆ ముక్కలన్నీ చుట్టలు చుట్టి కుట్టిన బట్టలతో పాటే ఇచ్చి పంపేది, అతను సణుక్కునేవాడు గాని ఆమె తనను కూడా ఊరికే వదిలిపెట్టుకునేది కాదు, పక్కింటావిడని లేనిపోని మాట అన్నానండీ, వెళ్ళి చెప్పొస్తాను అని చెప్పులేసుకునేది, ఎందుకే, ప్రార్థనలో ఒప్పుకుంటే పోలేదా అంటే, నేను అన్నది ఆవిణ్ణయితే దేవుడితో చెప్పి ఊరుకుంటానేంటి, అని విసవిసా వెళ్ళిపోయేది, ఇప్పుడు బల్ల కింద పెట్టె నిండా ముక్కలే, పాస్టరుగారి కోటులో మిగిలింది కూడా అందులోనే ఉంది, ఏ గురువారమూ అది అతనికి గుర్తు రాలేదు, అడిగేవాళ్ళెవరు.

రొట్టె నానింది, గిన్నె పట్టుకుని మంచం అంచున కూర్చుని స్పూను ఎత్తాడు, ఆమె ఎడమ చెయ్యి చటుక్కున లేచి చెంపకు అడ్డం పడింది, స్పూను గాలిలోనే ఆగిపోయింది, దేవుడికి చెప్పాడు, షాపాయనకు చెప్పాడు, పొద్దుటి నుంచీ షాపాయనను తిట్టుకుంటూనే ఉన్నాడు గడప దాటించాడని, మరి తను చేసిందేమిటి, దెబ్బ తిన్న మనిషి ఇక్కడ పడుకుని ఉంటే ఆమెను దాటుకుని పోయి ఊళ్ళో చెప్పుకున్నది తనే కదా, గిన్నె పక్కన పెట్టి, ఆమె కళ్ళకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, చెయ్యి లేచింది అనబోయి ఆ మాట మింగేశాడు, నేను కొట్టాను నిన్ను, నేనే కొట్టాను, మింగుడు పడక ఉమ్మావని అప్పుడే తెలుసు నాకు, తెలిసే కొట్టాను అన్నాడు, అని ఆమె నోటి వైపు చూశాడు, ఆ ఒక్క మాట, అర్థం లేకపోయినా ఫరవాలేదు, పాస్టరుగారికి పడేసినట్టు పడేసినా చాలు, కళ్ళకద్దుకుంటాడు, ఆమె పెదవులు బిగించింది, చెంప మీది చెయ్యి తియ్యలేదు, చూపు మాత్రం అతని మీంచి కదల్లేదు, బల్ల కింద ముక్క దొరికిన రోజుల్లో చూసే చూపు, వద్దన్నా సరే, నొప్పన్నా సరే, అన్నిటికీ అదొక్కటే వచ్చే మనిషి ఇప్పుడది అనలేదు, రాక కాదు, అనలేదు, ఏ ఇంట్లోనో ఎవరో ఈ అరగంట తన కోసం దేవుణ్ణి అడుగుతూనే ఉండి ఉంటారు, అడగనీ, తనను అడిగే మనిషి మాత్రం ఈ మంచం మీదే ఉంది, ఆ చెయ్యి చెంప మీంచి దిగినా దిగకపోయినా, తను జవాబు చెప్పుకోవలసింది ఇక్కడే.