గ్రూపులో లేని మనిషి

పొయ్యి మీద పాలను ఒక కంట, కిటికీ గట్టు మీద ఫోనును ఇంకో కంట కనిపెట్టుకుని నిలబడ్డాడతను. పాలు పొంగాయి. ఫోను మాత్రం మోగలేదు. రోజూ ఈపాటికి అక్క గొంతు వాయిస్ మెసేజ్‌గా వచ్చేసేది. ఏం వండబోతోందో, మోకాళ్లు ఎలా ఉన్నాయో, పక్కింటావిడ ఏమందో అన్నీ ఒక్క గుక్కలో చెప్పి, "సరే, ఉంటాను" అనేది. అది విన్నాకే అతను టీ తాగేవాడు. ఇవాళ టీ చల్లారిపోయింది.

అక్కకు ఒంట్లో బాగోలేదేమోనన్న ఊహ అతనికి రాలేదు. ఆ మాటలు మోసుకొచ్చే తన మిషను పాడైందనుకున్నాడు. అతని బుర్రకు తట్టే మొదటి కష్టం ఎప్పుడూ అదే.

ముందుగది అతని దుకాణం. పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. మూల అలమారలో మూత లేని పెట్టె ఒకటి రాత్రింబవళ్లు గుయ్యిమంటూ ఉంటుంది. చచ్చిన కంప్యూటర్ల నుంచి పనికొచ్చే భాగాలు ఏరి కూర్చుకున్న సర్వరు అది. అందులో నడిచేదంతా ఎవరైనా విప్పి చూసుకోగల ఉచిత సాఫ్ట్‌వేరే. అక్క మాట ఏ కంపెనీ గడపా తొక్కకుండా ఆ పెట్టెలోకి వచ్చి, అక్కడి నుంచి అతని ఫోనుకు చేరుతుంది.

ఈ పిచ్చి అతనికి ఊరికే పట్టలేదు. భార్య పోయిన మరుసటి ఏడాది, ఆమె ఫొటోలన్నీ దాచుకున్న ఖాతాకు ఒక కంపెనీ తాళం వేసేసింది. నియమాలు మీరారంది. ఏ నియమమో చెప్పలేదు. కాళ్లావేళ్లా పడదామన్నా అవతల మనిషంటూ లేడు, ఎన్నిసార్లు రాసినా అచ్చుగుద్దినట్టు అదే జవాబు. ఆ ఏడుపు ఏడ్చాకే సొంత పెట్టె కట్టుకున్నాడు. చుట్టాలందరినీ బతిమాలి అందులో చేర్చాడు. కరెంటు పోతే ఆగిపోతుందని, నవ్వే బొమ్మలు లేవని ఒక్కొక్కరే జారుకుని, లోకమంతా వాడేదాంట్లో కుటుంబం గ్రూపు పెట్టుకున్నారు. రమ్మంటే అతను రానన్నాడు. ఎవరినీ నమ్మడని, తాళాలాయన అని పేరు పెట్టి నవ్వుకున్నారు. "వాడొక్కడూ అక్కడేం చేస్తాడు పాపం" అని అక్క మాత్రం రెండు చోట్లా ఉండిపోయింది.

ఆమెకు మామూలుగా ఫోను చేసి అడిగితే సరిపోయేది. కానీ "మళ్లీ ఆగిందా నీ మిషను" అనిపించుకోవడం అతనికి నామోషీ. మిగిలిన ఆ ఒక్క మనిషీ విసుగొచ్చి వెళ్లిపోతుందేమోనని భయం. ఆమె అడిగేలోగా బాగుచేసేయాలనుకున్నాడు.

ముందు అందులో ఉన్నదంతా వేరే డిస్కులోకి నకలు తీసుకున్నాడు. అది చేయనిదే సర్వరు మీద చెయ్యి వేయొద్దని కనిపించిన ప్రతివాడికీ చెప్పే మనిషి మరి. తర్వాత మిషను ఆపి, ఫ్యాను ఊడదీసి, దుమ్ము దులుపుతూ కూర్చున్నాడు.

ఇంతలో వీధి చివరి దర్జీ ఆవిడ, ఫోను కాలిపోతోందంటూ వచ్చింది. చూస్తే ఏదో టార్చిలైటు యాప్ ఆమె నంబర్లన్నీ పట్టుకుపోతోంది.

"వెలుతురివ్వడానికి దీనికి మీ అత్తగారి నంబరెందుకమ్మా? అడిగిందల్లా సరేననకండి" అంటూ పీకేశాడు. ఆమె నవ్వింది.

అప్పుడే అతని ఫోను మోగింది. తెలియని నంబరు. అలాంటివి ఎత్తడు, కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. ఇదిగో, మన నంబర్లు అమ్ముకుంటే ఇలాగే వెంటపడతారని ఆమెకు పాఠం చెప్పి, ఆ నంబరు ఇంకెప్పుడూ మోగకుండా చేసి చూపించాడు కూడా.

మధ్యాహ్నం అన్నం సంగతి మరిచాడు. తీగలు మార్చాడు, సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కించాడు, దాచిన నకలు తిరిగి పోశాడు. లోపమేమిటో ఎంత వెతికినా దొరకలేదు. పొద్దు వాలుతుండగా మిషను లేచింది. లేచిన కాసేపటికే ఫోను టుంగుమంది.

"ఏరా, లేవడం ఆలస్యమైంది. రాత్రి నుంచి గుండెల్లో ఒకటే మంట. ఇందాకటి నుంచీ పంపుతుంటే ఇది పోవట్లేదు. వీలైతే ఓసారి రారా. సరే, ఉంటాను."

ఆ మాటలేవీ సరిగా విననే లేదు. దారి తెరుచుకున్నందుకు అతనికి ఒళ్లు తెలియని సంతోషం. గబగబా జవాబు కొట్టి పంపి, పొద్దుటి టీని వేడిచేసుకున్నాడు.

టీ గ్లాసు పట్టుకుని ఉండగానే వాకిట్లో బండి ఆగింది. అక్క అల్లుడు. కళ్లు వాచి ఉన్నాయి.

"మామయ్యా, మీరు గ్రూపులో లేరన్న సంగతే తట్టలేదు. అత్తయ్య పోయిందని మధ్యాహ్నం కాకముందే అందులో పెట్టాను. అందరూ వచ్చేశారు. కంగారులో తన ఫోను ఇంట్లో వదిలేసి, ఆసుపత్రి నుంచి నర్సు ఫోనుతో చేసింది మీ మేనకోడలు. మీరు ఎత్తలేదు."

అతను గ్లాసు కింద పెట్టి, అలమార వంక చూశాడు. మిషను పొద్దున బాగానే ఉంది. అక్క పిలుస్తున్న వేళకు దాన్ని ఆపింది తనే. ఆమె ఫోనులో ఆగిపోయిన ఆ మాట, మిషను లేచాక దానంతటదే వచ్చిందన్నమాట. ఆ మాట అల్లుడితో చెప్పబోయాడు. చెప్పకుండానే చెప్పులు తొడుక్కుని బండెక్కాడు.

అక్క ఇంట్లో చుట్టాలు లేచి దారి ఇచ్చారు. ఆలస్యమెందుకైందని ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే బాగుండుననిపించింది. ఆమె పాదాల దగ్గర చాలాసేపు కూర్చుని ఏడ్చాడు. ఎవరో లేపి, కాసేపు నడుం వాల్చమని ఆమె గదిలోకి పంపారు. దుప్పటి ఇంకా మడత పెట్టలేదు. మంచం పక్క స్టూలు మీద, ఛార్జింగు తీగకు తగిలించి ఉన్న ఆమె ఫోను చెయ్యి తగలగానే వెలిగింది. తెరవని మెసేజ్ ఒకటి దాని మీద ఉంది: "మిషను బాగైందక్కా. ఇక ఎంతసేపైనా మాట్లాడు."