నీలం డెబ్బై ఎనిమిది

పళ్ళ డాక్టరుగారు ఫ్రేము కట్టిన ఫోటోను గుడ్డలో చుట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టారు. ఆవిడ, ఆవిడ దగ్గర పనిచేసే పదకొండు మంది, అందరూ తెల్లకోట్లలో. "కోట్లు నీలంగా ఉన్నా సరిపెట్టుకుంటానమ్మా, పళ్ళు కూడా నీలంగా ఉంటే మా దగ్గరికి ఎవరొస్తారు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, శుక్రవారం కొత్త ఆసుపత్రి తెరుస్తున్నామనీ, ఆలోగా సరిచేయకపోతే వేరే స్టూడియో చూసుకుంటాననీ చెప్పేశారు. ఆరోజు మంగళవారం. మూడు నెలల్లో ఇలా వెనక్కి వచ్చిన ఫోటో ఇది మూడోది. ఇంకొకటి వస్తే ప్రింటు వెనక నాన్న పెట్టే టిక్కుకి విలువ ఉండదని నా భయం.

మా స్టూడియోలో ముగ్గురమే. అమ్మ కౌంటరు దగ్గర, నాన్న కెమెరా దగ్గర, నేను వెనక గదిలో కంప్యూటరు ముందు. ఏ ఫోటో అయినా నేను దిద్దాక ఒక ప్రింటు తీసి నాన్నకిస్తాను. ఆయన దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసి, చెవి మీది పెన్సిలు తీసి వెనకాల టిక్కు పెడతాడు. టిక్కు లేనిది గడప దాటదు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పద్ధతి. రంగుల విషయంలో మా ఇంట్లో నాన్న కన్నే కోర్టు, దానిపైన ఇంకో కోర్టు లేదు.

తప్పంతా నా కొత్త మానిటరుదని నాన్న తేల్చేశాడు. నా బల్ల మీద రెండున్నాయి, ఎప్పటిదో పాతది ఒకటి, ఆరు నెలల క్రితం కొన్నది ఒకటి. నేను దిద్దకముందు ఫోటోనే రెండింట్లో పక్కపక్కన పెడితే కొత్తదాంట్లో కోటు తెల్లగా, పాతదాంట్లో లేత నీలంగా కనిపిస్తోంది. పాతదే సరైనదట, కొత్తదాంట్లో అంతా పసుపట. ఆ పసుపు చూసి కంగారుపడి నేనే నీలం కుమ్మరిస్తున్నానట. నాకు ఒళ్ళు మండింది. ప్రింటు చూసిన ప్రతిసారీ "పసుపు కొడుతోంది, ఇంకాస్త నీలం వెయ్" అన్నది తనే. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను.

బుధవారమంతా మానిటర్లతో కుస్తీ పట్టాను. దీని తీగ దానికీ, దాని తీగ దీనికీ మార్చి చూశాను. రెండూ అరగంట వేడెక్కాక చూశాను. బయటి వెలుగు పడకుండా కిటికీకి దుప్పటి కట్టాను. కంప్యూటరులో రంగుల సెట్టింగులన్నీ తీసేసి మొదటినుంచీ పెట్టాను. ఇంత చేసినా ఆ రెండూ ససేమిరా ఒకమాట మీదికి రాలేదు. చివరికి మా ఆల్బములు అచ్చువేసే ఆయన దగ్గర రంగులు కొలిచే పరికరం అడిగి తెచ్చాను. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. తెర మీద వేలాడదీస్తే ఒక్కో రంగూ చూసి, ఉండాల్సినదానికి ఎంత తేడా ఉందో చెబుతుంది. దానికి ఎవరన్నా మొహమాటం లేదు.

కొత్తదాంట్లో తేడా లేనట్టేనంది. పాతదాంట్లో నీలం బోలెడు ఎక్కువంది. మానిటరు కింది బొత్తాలు నొక్కి అంకెలు చూశాను. ఎరుపు యాభై, ఆకుపచ్చ యాభై, నీలం డెబ్బై ఎనిమిది. కొన్నప్పుడు మూడూ యాభయ్యే.

ఎవరు మార్చారని అడిగితే నాన్న పేపరులోంచి తలెత్తకుండా నేనే అన్నాడు. "అది ముసలిదవుతోంది అమ్మాయ్. నెలనెలా పసుపెక్కుతోంది. తుడిచేటప్పుడు ఒకటో రెండో పెంచుతుంటాను." ప్రతినెలా ఒకటో తారీకున తెరలు తుడిచేది ఆయనే. కొత్తదాన్ని మాత్రం గీతలు పడతాయని నేను ముట్టుకోనివ్వలేదు.

గురువారం పొద్దున్నే మూడూ యాభైకి తెచ్చి, రెండు తెరలనూ పరికరంతో సరిచేశాను. ఫోటో పెడితే రెండూ కవలల్లా ఉన్నాయి. గెలిచినంత సంబరంగా నాన్నను పిలిచాను. వచ్చి కూర్చున్నాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, మళ్ళీ చూశాడు. ఇంతకుముందు ఒకటే పాడు, ఇప్పుడు రెండూ పాడుచేశావన్నాడు. రెండూ పసుపేనట.

గట్టిగా అరవడానికే నోరు తెరిచాను. అప్పుడు తట్టింది. ప్రింటరులోంచి ఒక తెల్ల కాగితం తీసి చేతికిచ్చి ఇదేం రంగని అడిగాను. తెలుపే, కాకపోతే ఈమధ్య కాగితాలు నాసిరకంవి వస్తున్నాయి, పసుపు జీర ఉంటోందన్నాడు. ఆ కట్ట నేను పొద్దున విప్పింది, నా కంటికి పాలలా తెల్లగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కో కన్నూ మూసి చూడమన్నాను. కుడి కన్ను మూశాడు. అది తెరిచి ఎడమది మూశాడు. మళ్ళీ కుడిది మూశాడు.

"కుడి కంటికి టీ ఒలికినట్టుంది," అన్నాడు. ఇంకాసేపు కాగితాన్నే చూసి, "అయితే ముసలిదైంది మానిటరు కాదన్నమాట," అన్నాడు.

చెవి మీది పెన్సిలు తీసి నా కీబోర్డు పక్కన పెట్టి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. పేపరు తెరవలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కళ్ళ గురించి కాదు, శుక్లాలైతే తీయించుకోవచ్చు. వెనక్కి వచ్చిన మూడు ఫోటోలూ నీలంగా ఉన్నాయని నాకు ముందే కనిపించింది. కనిపించినా ఆయన మాట కాదనలేక, నా కళ్ళనే అనుమానించుకుని ప్రింటు తీశాను. సిగ్గేసింది.

డాక్టరుగారి ఫోటోలో నీలం తగ్గించి, మళ్ళీ ప్రింటు తీసి, టిక్కు నేనే పెట్టాను. అలవాటు లేక అది వంకరగా వచ్చింది. ఆవిడ సాయంత్రం వచ్చి, ఒక్కొక్కరి పళ్ళూ లెక్కపెడుతున్నట్టు దగ్గరగా చూసి, సరేనని తీసుకెళ్ళారు.

ఆ తర్వాతి నెలలో నాన్న కుడి కంటికి శుక్లం ఆపరేషనైంది. పదిహేను రోజులకి నల్లకళ్ళద్దాలతో స్టూడియోకి వచ్చాడు. లోపల అడుగుపెట్టి అద్దాలు తీశాడు, కౌంటరు వెనక గోడ మీది అమ్మ ఫోటో ముందు ఆగిపోయాడు. రెండేళ్ళ క్రితం తనే తీసి, తనే దిద్ది, తనే టిక్కు పెట్టి తగిలించిన ఫోటో.

"ఇది నీలంగా ఉంది," అన్నాడు.

అమ్మ కవర్లు సర్దుతూ అవునంది.

"నీకు తెలుసా?"

"తగిలించిన రోజే తెలుసు. చలికి బిగుసుకుపోయినదానిలా ఉన్నాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు కిటికీ దగ్గర పట్టుకుని ఎంతో బాగుందన్నారు. ఇంక నేనేం చెప్పను?"

నాన్న స్టూలు తెచ్చి గోడ దగ్గర వేశాడు. ఎక్కబోతే ఆపి ఫోటో నేనే దించాను. అసలు ఫైలు వెతికి, దిద్ది, కొత్త ప్రింటు తీసిచ్చాను. కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. అలవాటుగా చెయ్యి చెవి మీదికి పోయింది, అక్కడ పెన్సిలు లేదు. నా దగ్గర అడిగి తీసుకుని, ప్రింటూ పెన్సిలూ పట్టుకెళ్ళి అమ్మ ముందు పెట్టాడు. "నువ్వు చూసి చెప్పు."

ముప్ఫై ఏళ్ళలో ఒక్క ప్రింటు గురించీ ఒక్క ముక్క అనని మనిషి, చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెంపల దగ్గర ఇంకాస్త ఎరుపుండాలంది. వేశాను. జుట్టు మరీ నల్లగా ఉందంది, తన జుట్టు ఎప్పుడూ అంత నలుపు కాదంది. తగ్గించాను. మూడోదాన్నీ తిప్పికొట్టింది. నాన్న ఒక్కో ప్రింటూ తనే పట్టుకెళ్ళి, తనే తిరిగి తెచ్చాడు. నాలుగోదాని వెనకాల టిక్కు పెట్టి, అమ్మ ఆ పెన్సిలు తన చెవి మీదే పెట్టుకుంది.